సెకండ్ లైఫ్‌లో మెష్ బాడీ ఎంచుకోవడం ఎలా: ముందు బీరువా, తర్వాతే బాడీ

మొన్న రాత్రి మా పిన్ని కూతురు ఒక స్క్రీన్‌షాట్ పంపింది, కింద ఒక్కటే లైను, "అక్కా నా మెడ ఎందుకిలా ఉంది". చూస్తే మొహం ఒక రంగు, మెడ దగ్గర్నుంచి కిందకి ఇంకో రంగు, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత, పైగా భుజం దగ్గర బ్లౌజ్ లోపలికి పోయి చర్మం బయటికి పొడుచుకొచ్చింది. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో చేరి వారం కాలేదు, అప్పుడే మూడు వేల లిండెన్లు (అక్కడి డబ్బు) తగలేసి బాడీ కొనేసింది. ఎందుకు కొన్నావే అంటే "యాడ్‌లో బాగుంది" అంది. తిడదామనుకున్నా గానీ నోరు రాలేదు, ఎందుకంటే నేనూ మొదట్లో చేసింది అచ్చం అదే. ఫోన్లో అరగంట చెప్పాక కూడా సగమే అర్థమైందంది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

అసలు బాడీ కొనడమేంటి అనేవాళ్ళకి ముందు కాస్త కథ. సెకండ్ లైఫ్ 2003లో మొదలైంది, లిండెన్ ల్యాబ్ వాళ్ళది. గేమ్ అంటారు గానీ గెలవడం ఓడడం ఏమీ ఉండదు, ఇళ్ళు, బట్టలు, జుట్టు, నడక, అన్నీ అక్కడ ఉండే జనాలే తయారుచేసి అమ్ముకుంటారు. ప్రతి అవతార్‌కీ, అంటే అక్కడ మన తరఫున తిరిగే బొమ్మకి, లోపల ఒక పాత బాడీ ఉంటుంది, దాన్ని సిస్టమ్ బాడీ అంటారు, మోచేతులు కోణాలు తేలి, వేళ్ళు విడిగా కదలకుండా కొయ్యబొమ్మలా ఉంటుంది. 2011లో బయట చేసిన మెష్ (త్రీడీ) మోడళ్ళు అప్‌లోడ్ చేసుకోనిచ్చాక జనాలు దాని మీద తొడుక్కునే కొత్త బాడీలు చేయడం మొదలెట్టారు. 2014లో ఫిట్టెడ్ మెష్ వచ్చింది, అంటే మీరు షేప్ స్లైడర్ (ఒంటి కొలతలు మార్చే మీట) జరిపితే తొడుక్కున్న మెష్ కూడా దాంతోపాటే లావవుతుంది సన్నబడుతుంది. 2016 చివర్లో బెంటో పేరుతో ఎముకలు పెంచారు, అప్పట్నుంచి వేళ్ళు, కనుబొమ్మలు, పెదాలు, రెక్కలు తోకలతో సహా కదులుతున్నాయి. 2019లో బేక్స్ ఆన్ మెష్, అందరూ బామ్ అంటారు. అంతకుముందు బాడీ మీద టాటూకో పొర, లోదుస్తులకో పొర, బట్టలకో పొర అని ఉల్లిపాయలా ఉండేది, బామ్ వచ్చాక చర్మం, టాటూ, మేకప్ అన్నీ కలిపి ఒకే టెక్స్చర్‌గా, అంటే పైన అతికే ఒకే బొమ్మగా, మెష్ మీదకి దిగిపోతాయి. కాబట్టి ఎవరైనా పాత బాడీ ఫ్రీ అంటూ ఇస్తే ముందు అది బామ్ అవునా కాదా చూడండి, కాకపోతే వద్దు.

బట్టలెందుకు పట్టవు

ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. మన టైలర్‌కి బ్లౌజ్ కుట్టమంటే ఆది జాకెట్ తెమ్మంటాడు కదా, ఇక్కడ కూడా అంతే. బాడీ చేసినవాళ్ళు బట్టల డిజైనర్లకి ఒక డెవలపర్ కిట్ ఇస్తారు, అదే ఆది జాకెట్ అనుకోండి. డిజైనర్ దాని మీద పెట్టి డ్రెస్ కొలత సరిచేసి, భుజం కదిలితే గుడ్డ ఎంత కదలాలి, మోకాలు మడిస్తే ఎక్కడ ముడతపడాలి అని ఎముకలకి కట్టేస్తాడు, దాన్నే రిగ్గింగ్ అంటారు. ఒక బాడీకి కట్టింది ఇంకో బాడీకి పట్టదు, ఎందుకంటే అన్ని బాడీలకీ లోపలి ఎముకలు అవే అయినా పైన కండ వేరు. అందుకే ఒకే డ్రెస్ డబ్బాలో నాలుగైదు బాడీలకి నాలుగైదు ముక్కలు విడివిడిగా ఉంటాయి. మీ బాడీ పేరు ఆ లిస్టులో లేదంటే ఆ డ్రెస్ మీది కాదు, ఎంత స్లైడర్లు జరిపినా కాదు.

నేను కొన్న మొదటి బాడీ ఒక సేల్‌లో సగం ధరకి వచ్చింది, ఏ బ్రాండ్ అన్నది వద్దులెండి. బాడీ నిజంగా అందంగా ఉంది, నడుము, వీపు, చేతులు, అన్నీ. మర్నాడు బట్టలకి బయల్దేరితే పది షాపుల్లో తొమ్మిదింట్లో దాని పేరే లేదు. ఆ బాడీ చేసినవాళ్ళ షాపులో మాత్రం ఓ ఆరు డ్రెస్సులు, అందులో రెండు స్విమ్ సూట్లు. నెలరోజులు అవే తిప్పి తిప్పి వేసుకుని తిరిగా, చివరికి ఇంకో బాడీ కొన్నా. మొత్తం మీద నాకు అర్థమైందేంటంటే మనం కొనేది బాడీ కాదు, ఆ బాడీకి బట్టలు కుట్టే టైలర్ల వీధి మొత్తం.

మొదటి పని: బాడీ షాపుకి వెళ్ళకండి

అవును, ముందు వెళ్ళాల్సింది బట్టల షాపులకి. ఒక సాయంత్రం కూర్చుని మీకు నిజంగా వేసుకోవాలనిపించే బట్టలు ఓ పదిహేను ఇరవై ఎంచుకోండి. సెకండ్ లైఫ్ వాళ్ళ మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైట్‌లోనైనా సరే, లోపల షాపుల్లో తిరిగైనా సరే. అమ్మకానికి పెట్టిన ప్రతి వెండర్ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఏయే బాడీలకి వస్తుందో రాసి ఉంటుంది, ఒక కాగితం మీద బాడీ పేర్లు రాసుకుని టిక్కులు పెట్టుకుంటూ పోండి. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ గంటలో విషయం తేలిపోతుంది.

ఆడ బాడీల్లో మీకు ఎక్కువగా తగిలే పేర్లు మైత్రేయ వాళ్ళ లారా, 2023లో వచ్చిన వాళ్ళదే లారాఎక్స్, మెష్‌బాడీ వాళ్ళ లెగసీ, ఈబాడీ వాళ్ళ రీబార్న్, ఇనిథియం వాళ్ళ కుప్రా. లారా, లారాఎక్స్ ఒకటే అనుకోకండి, పేరు కలిసినా రిగ్ వేరు, బాక్స్ మీద ఎక్స్ ఉందో లేదో చూసుకోవాలి, నా ఫ్రెండ్ ఒకామె ఇది చూసుకోక రెండు డ్రెస్సులు పారేసుకుంది. లారా సన్నగా మామూలుగా ఉంటుంది, ఏళ్ళ తరబడి డిఫాల్ట్‌లా నడిచింది కాబట్టి పాత బట్టలు, ఫ్రీ బట్టలు దానికి దండిగా దొరుకుతాయి. రీబార్న్, కుప్రా తొడలు నడుములు బాగా ఒంపు తిరిగి కావాలనుకునేవాళ్ళకి. మగ బాడీల్లో లెగసీ మేల్, బెలెజా వాళ్ళ జేక్, సిగ్నేచర్ వాళ్ళ జియానీ. మగవాళ్ళ బట్టల బజారే చిన్నది, అందుకని అక్కడ ఈ టిక్కుల పని ఇంకా ముఖ్యం.

చీర కట్టాలి, లంగావోణీ వెయ్యాలి అనుకునే మనవాళ్ళు అది ముందే తేల్చుకోండి. మన బట్టలు కుట్టేవాళ్ళు అక్కడ తక్కువ, ఉన్నవాళ్ళు కూడా ఏదో ఒకటి రెండు బాడీలకే కుడతారు. మార్కెట్‌ప్లేస్‌లో చీర అని కొట్టి, వచ్చినవాటిలో ఏ బాడీ పేరు ఎక్కువసార్లు కనిపిస్తోందో లెక్కేసుకోండి. నేను అలా లెక్కేసినప్పుడు లారాయే ముందుంది, మీరు చూసేసరికి మారి ఉండొచ్చు కాబట్టి నా మాట మీద వెళ్ళకండి. మా పిన్ని కూతురు చేరిందే ఉగాదికి పట్టుచీరలో ఫోటో దిగుదామని, తీరా కొన్న బాడీకి చీర ఒక్కటంటే ఒక్కటి లేదు.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే

ఫ్రీగా కూడా ఉన్నాయి. లిండెన్ ల్యాబ్ వాళ్ళే 2023లో సెన్రా అని కొత్త మెష్ అవతార్లు ఇచ్చారు, ఎవరైనా వాటికి బట్టలు కుట్టుకోవచ్చని కిట్ కూడా ఇచ్చారు. ఓపెన్ సోర్స్ వాళ్ళవి రూత్2, రోత్2 ఉన్నాయి. చూడ్డానికి బానే ఉంటాయి, బట్టలే తక్కువ. ఇక్కడ ఉంటానో లేదో తెలీదు అనుకునేవాళ్ళు ఒక నెల వీటితో తిరగండి, తప్పేం లేదు. సిస్టమ్ బాడీతో తిరిగినా ఎవరూ కొట్టరు, నాలుగు మాటలు అంటారేమో అంతే.

రెండో పని: డెమోలు, ఒకటి కాదు మూడు

టిక్కులు ఎక్కువొచ్చిన మూడు బాడీల డెమోలు, అంటే కొనేముందు వేసి చూసుకునేవి, తెచ్చుకోండి. ఫ్రీగానో ఒక్క లిండెన్‌కో ఇస్తారు. ఒంటి మీద డెమో అని అక్షరాలు ఉంటాయి, నెత్తి మీద బోర్డు వేలాడుతుంటుంది, అవి పట్టించుకోకండి.

డబ్బా విప్పే దగ్గర ఒక జాగ్రత్త. ఇన్వెంటరీలో, అంటే మీ సామాన్ల సంచిలో, ఏ వస్తువు మీదైనా రైట్ క్లిక్ కొడితే వేర్ అని ఒకటి, యాడ్ అని ఒకటి వస్తాయి. వేర్ కొడితే ఆ అటాచ్‌మెంట్ పాయింట్ (ఒంటి మీద తగిలించే చోటు) దగ్గర అప్పటికే ఉన్నది ఊడిపోయి కొత్తది వస్తుంది, యాడ్ కొడితే పాతది ఉండగానే కొత్తది చేరుతుంది. నేనోసారి నిండు డాన్స్ క్లబ్బులో ఏదో గిఫ్ట్ డబ్బాకి వేర్ కొట్టా, జుట్టు ఊడి డబ్బా నెత్తి మీద కూర్చుంది, గుండుతో, గుండు మీద అట్టపెట్టెతో ఒక ఇరవై మంది ముందు నించున్నా. ఎప్పుడూ యాడ్. ఇంకోటి, కొన్ని చోట్ల స్క్రిప్టులు ఆపేసి ఉంటాయి, అక్కడ డబ్బా విప్పబోతే ఏమీ జరగదు, శాండ్‌బాక్స్‌కో (ఎవరైనా వస్తువులు పెట్టి చూసుకునే ఖాళీ స్థలం) ఇంటికో వెళ్ళి విప్పుకోండి.

బాడీ వేసుకున్నాక లోపలి సిస్టమ్ బాడీ మాయమవ్వాలి. బామ్ బాడీ అయితే దానంతటదే దాక్కుంటుంది. కాకపోతే డబ్బాలో ఫుల్ బాడీ ఆల్ఫా అని లోపలి ఒంటిని దాచే పొర ఉంటుంది, అది వేసుకోండి, లేదంటే రెండు ఒళ్ళు ఒకదాంట్లోంచి ఒకటి పొడుచుకొస్తాయి.

మూడో పని: అద్దం ముందు కాదు, కూర్చోబెట్టి చూడండి

నించున్నప్పుడు ఏ బాడీ అయినా బాగానే ఉంటుంది, యాడ్‌లో చూపించేది అదే కదా. అసలు రంగు బయటపడేది కదిలినప్పుడు. ముందు కుర్చీలో కూర్చోబెట్టి తొడ, తుంటి కలిసే చోట చూడండి, మాసిన గుడ్డలా ముడత పడిందా, గుండ్రంగా మడిచిందా. తర్వాత ఏదైనా డాన్స్ బాల్ (క్లిక్ చేస్తే డాన్స్ చేయించే బంతి) ఎక్కించి చేతులు పైకి లేచినప్పుడు చంక, భుజం చూడండి, చాలా బాడీలు తప్పేది అక్కడే, భుజం కుదించుకుపోయి రెక్క విరిగిన కోడిలా కనిపిస్తుంది. మోకాళ్ళు చూడండి. వేళ్ళు విడివిడిగా కదులుతున్నాయా చూడండి, కదలకపోతే తప్పు బాడీది కాకపోవచ్చు, మీరు వాడే ఏఓ పాతదై ఉండొచ్చు, ఏఓ అంటే నడక, నిలబడే తీరు మార్చే యానిమేషన్ల కట్ట, బెంటోకి ముందువాటిలో వేళ్ళకి కదలికలే ఉండవు.

ఇప్పుడు షేప్ ఎడిట్ తెరిచి స్లైడర్లు జరపండి, అన్నీ 0 నుంచి 100 దాకా ఉంటాయి. డెమో ఇచ్చినవాళ్ళు పెట్టిన నంబర్ల మీద కాదు, మీకు కావలసిన ఒళ్ళు వచ్చేదాకా జరిపి చూడండి. కొన్ని బాడీలు సన్నగా చేస్తే బాగుంటాయి, పొట్ట కాస్త పెంచగానే అటు గుండ్రంగా రాదు ఇటు మెత్తగా రాదు, తవుడు బస్తాలా అయిపోతుంది. నాకైతే కాస్త పొట్ట, బలమైన చేతులు ఉన్న మామూలు మనిషి కావాలి, ఆ ఒక్క పరీక్షలోనే రెండు బాడీలు పోయాయి. ఎత్తు కూడా చూసుకోండి, అక్కడ జనం ఏడడుగులు మామూలే అన్నట్టు తిరుగుతారు, మనం అయిదున్నర పెట్టుకుంటే స్కూలు పిల్లలా కనిపిస్తాం, అదేం తప్పు కాదు గానీ ఇళ్ళూ కుర్చీలూ వాళ్ళ కొలతకే కట్టి ఉంటాయి.

డెమో బాడీ మీద డెమో బట్టలు కూడా వెయ్యండి, ఇది చాలామంది వదిలేస్తారు. మీ టిక్కుల లిస్టులో ఉన్న డ్రెస్సులకి కూడా డెమోలుంటాయి. మీ షేప్‌తో ఆ బాడీ మీద ఆ డ్రెస్ వేసి, కూర్చోబెట్టి, చర్మం ఎక్కడ పొడుచుకొస్తోందో చూడండి. పొడుచుకొస్తే బాడీ హడ్‌లో (బాడీతో పాటు వచ్చే బటన్ల పలక) ఆ ముక్కని దాచేసే బటన్లు ఉంటాయి, ఆల్ఫా కట్స్ అంటారు, ఎన్ని చిన్న ముక్కలుగా దాచనిస్తే అంత మంచిది. చీరకి ఇది మరీ అవసరం, ఎందుకంటే నడుము కొంచెం కనపడాలి, దాని పక్కన కుచ్చిళ్ళ కింద ఉన్నది దాగాలి, పెద్ద పెద్ద ముక్కలుగా దాచే హడ్ అయితే చీరకి జాకెట్‌కి మధ్య గాలి కనిపిస్తుంది. పాదాలు కూడా అంతే, ఫ్లాట్, మీడియం, హై అని మడమ ఎత్తుని బట్టి మార్చుకునేవి ఉంటాయి, చెప్పులు కూడా బాడీని బట్టే.

నాలుగో పని: తలకాయ

బాడీ ఒక కంపెనీది, తల ఇంకో కంపెనీది, ఇదే కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది. తలల్లో లెలూట్కా పేరు ఎక్కువ వినపడుతుంది, క్యాట్వా, జీనస్ కూడా ఉన్నాయి. బాడీ తేల్చుకున్నాకే తల, కానీ కొనడానికి ముందు రెండు డెమోలు కలిపి వేసుకుని చూడండి. రెండు విషయాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకటి, షేప్ ఒక్కటే, తలకీ ఒంటికీ కలిపి. కొత్త తలతో పాటు డబ్బాలో వచ్చిన షేప్ వేసుకుంటే మీరు గంటలు కూర్చుని దిద్దుకున్న ఒళ్ళు పోయి వాళ్ళ ఒళ్ళు వస్తుంది. కాబట్టి మీ షేప్‌కి కాపీ తీసి, తల నంబర్లు మాత్రం వాళ్ళ షేప్‌లోంచి చూసి మీదాంట్లో టైప్ చేసుకోండి. కాగితం పెన్ను పద్ధతే, ఇరవై నిమిషాలు పడుతుంది.

రెండోది మొహం మీద బొమ్మలు అతికే లెక్క, యూవీ అంటారు. లెలూట్కా కొత్త తలలు ఎవోఎక్స్ అనే లెక్కలో ఉంటాయి, పాత పద్ధతిని ఎస్ఎల్ యూవీ అంటారు. ఒక లెక్కలో చేసిన స్కిన్, మేకప్ ఇంకో లెక్క తల మీద వేస్తే చోటు తప్పుతుంది. నేను ముచ్చటపడి కొన్న తిలకం బొట్టు పాత లెక్కది, కొత్త తల మీద వేస్తే నుదుటి మధ్యలో ఉండాల్సింది జారి వేరే చోటికి వచ్చి కూర్చుంది. చివరికి బొట్టు చిన్న వస్తువులా అటాచ్ చేసుకునే రకం కొని చేత్తో జరిపి పెట్టుకున్నా, అచ్చం మన స్టిక్కర్ బొట్టులా.

మెడ దగ్గర గీత

ఇదీ మా చెల్లెలి స్క్రీన్‌షాట్ సంగతి. సాధారణంగా తల చర్మం, ఒంటి చర్మం విడివిడిగా అమ్ముతారు, ఒక్కో బ్రాండ్ ఒక్కో రంగుల వరస పెట్టుకుంటుంది, ఒకరి "మీడియం" ఇంకొకరి దగ్గర తెలుపు. మా చెల్లెలు తల చర్మం ఒక చోట, ఒంటి చర్మం ఇంకో చోట కొనేసింది. రెండూ ఒకే బ్రాండ్‌లో, ఒకే టోన్‌లో తీసుకోవడం తేలికైన మార్గం. కొన్ని స్కిన్ బ్రాండ్లు తల చర్మం కొంటే ఒంటికి వేరే ఫలానా బ్రాండ్ టోన్లకి సరిపోతుందని రాస్తాయి, అలా రాసి ఉంటే పర్లేదు.

మన చామనఛాయ కోసం కొంచెం ఓపిక కావాలి. వెండర్ బొమ్మల్లో లైటింగ్ అంతా స్టూడియోది, గోధుమ రంగు అని తెచ్చుకుంటే ఒంటి మీదకొచ్చేసరికి నారింజ పులిమినట్టు ఉంటుంది. పక్కపక్కనున్న మూడు టోన్ల డెమోలు తెచ్చుకుని, ఎన్విరాన్‌మెంట్ మెనూలో మిడ్‌డే పెట్టి, మెడ దగ్గరికి కెమెరా జూమ్ చేసి పక్కల్నుంచి కూడా చూడండి. సూర్యాస్తమయం లైటింగ్‌లో ఏ చర్మమైనా బాగుంటుంది, ఏ గీతైనా కనపడకుండా పోతుంది, దాన్ని నమ్మకండి. మెడ మందం స్లైడర్ మరీ చివరకి లాగినా అతుకు తేడా కొడుతుంది, కాస్త వెనక్కి తీసి చూడండి.

బరువు కూడా ఒక లెక్కే

బట్టలు మార్చినప్పుడల్లా స్క్రీన్ మూల మీద మీ అవతార్ కాంప్లెక్సిటీ (చూపించడానికి కంప్యూటర్ మీద పడే బరువు) ఇంత అని ఒక నంబర్ వస్తుంది, దాన్ని చూస్తూ ఉండండి. అది మరీ ఎక్కువైతే ఎదుటివాళ్ళ సెట్టింగ్స్‌ని బట్టి మీరు వాళ్ళకి మనిషిలా కాకుండా ఒకే రంగు జెల్లీ బొమ్మలా కనిపిస్తారు, ఇంత ఖర్చు పెట్టి ముస్తాబై జెల్లీలా కనపడడం ఏం సుఖం. మూడు డెమోల నంబర్లూ బట్టలు లేకుండా, జుట్టు లేకుండా రాసుకుని పోల్చండి. చాలాసార్లు బరువు పెంచే దొంగ బాడీ కాదు, జుట్టూ నగలూ. నా కాసులపేరు ఒక్కటి తీసేస్తే నంబర్ సగానికి పడింది, ఒక్కో కాసూ విడిగా చెక్కాడు మహానుభావుడు.

కొనడం

మంచి బాడీలు సుమారు 2,500 నుంచి 5,000 లిండెన్ల మధ్య ఉంటాయి, డాలర్‌కి రమారమి 250 లిండెన్లు వస్తాయి అనుకుంటే పది నుంచి ఇరవై డాలర్లు, తల ఇంకో అంత. ఇండియాలో ఉన్నవాళ్ళు ముందు కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోండి, కొత్త కార్డులకి అది ఆఫ్‌లో ఉంటుంది, బ్యాంక్ యాప్‌లో మార్చుకోవచ్చు, పని అయ్యాక మళ్ళీ ఆపేసుకోండి. డబ్బు ఒక్కసారే మార్చుకోండి, మార్చిన ప్రతిసారీ ఫీజు పడుతుంది. బట్టలకి కంగారు లేదు, వారాంతం సేల్స్‌లో 60, 75 లిండెన్లకే మంచివి వస్తాయి, కాకపోతే అక్కడి గడియారం పసిఫిక్ టైమ్, వాళ్ళ మధ్యాహ్నం పన్నెండంటే వేసవిలో మనకి రాత్రి పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర.

బాడీ మాత్రం చేసినవాళ్ళ సొంత షాపులోనే కొనండి. సగానికి సగం తక్కువకి ఇంకెవరో అమ్ముతుంటే అది దొంగ కాపీ అయ్యుండే అవకాశమే ఎక్కువ, ఒకరోజు మాయమైతే అడిగేవాడు ఉండడు. పర్మిషన్లు చదవండి, ఎక్కువగా కాపీ ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ ఉండదు, అంటే నచ్చకపోతే చెల్లెలికి ఇచ్చేద్దామంటే కుదరదు. ఆల్ట్ అకౌంట్‌తో (మీదే ఇంకో అకౌంట్) లాగిన్ అయి ఉన్నారేమో పేరు చూసుకుని మరీ పే కొట్టండి. షాపులో రీడెలివరీ బోర్డు (కొన్నది మళ్ళీ పంపించేది) ఎక్కడుందో ల్యాండ్‌మార్క్, అంటే ఆ చోటి గుర్తు, తీసి పెట్టుకోండి, అప్‌డేట్ వచ్చినా, డబ్బా పోయినా అక్కడికే వెళ్ళాలి.

విప్పగానే చేయాల్సింది, జుట్టూ బట్టలూ ఏమీ లేకుండా బాడీ, తల, చర్మం, కళ్ళు, షేప్, ఏఓ, ఇంతవరకే వేసుకుని అవుట్‌ఫిట్‌గా సేవ్ చేసి బేస్ అని పేరు పెట్టండి. ఏదైనా పాడైతే, సగం ఒళ్ళు కనపడకుండా పోతే, ఆ ఒక్కటి వేసుకుంటే చాలు, మళ్ళీ మనిషైపోతారు.

మా చెల్లెలికి ఆ కొన్న బాడీ ట్రాన్స్‌ఫర్ లేదు, డబ్బు వెనక్కి రాదు. ఇప్పుడు కాగితం మీద టిక్కులు పెడుతోంది. మెడ గీతకి తాత్కాలికంగా కాసులపేరు ఇచ్చా, గీత కనపడకుండా పోయింది, మనిషి నాకు జెల్లీలా కనిపిస్తోంది.